విప్పే వీలుంచి కుట్టిన ఆకాశం

శ్రీమతి అందె సుబ్బరత్నం గారు. వయస్సు యాభై ఎనిమిది సంవత్సరాలు. నివాసం పెడన, కృష్ణా జిల్లా. వృత్తి, కొయ్య అచ్చులతో గుడ్డల మీద కలంకారీ అద్దకం. ఈ నివేదిక సమర్పిస్తున్నవారికి ఆమె ఇరవై ఆరు సంవత్సరాలుగా పరిచితురాలు. ఆమె తరఫున చేనేత శాఖకూ, ప్రదర్శనల నిర్వాహకులకూ వెళ్లవలసిన ఉత్తరాలకు శుద్ధప్రతులు తయారైనది ఆ కాలమంతా వీరి చేతనే. కాబట్టి దిగువ సంగతులలో కొన్ని కళ్లారా చూసినవి, తక్కినవి ఆమె నోటా, ఆయా సమయాల్లో పక్కన ఉన్నవారి నోటా విన్నవి.

విజయవాడ బెంజ్ సర్కిల్ సమీపాన కొత్తగా కట్టిన పఠన మందిరం నిర్వాహక సంఘంలోని పెద్దలు చాలామంది ఆమెను చూసి ఉండరు. మనిషి ఎటువంటిదో తెలియకుండా ఆమె పట్టుదలను అర్థం చేసుకోవడం కష్టం. అందుచేత మనిషిని గురించి ముందు మనవి చేసి, అభ్యర్థనను చివర ఉంచడమైనది.

సుబ్బరత్నం గారు మగ్గం శబ్దం వింటూ పెరిగారు. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. పెళ్లయ్యాక మెట్టినింట్లో అద్దకం పని నేర్చుకుని, అత్తగారిని మించిపోయారు. ఆమె చేతిలో దిగే ఎరుపుకు పెడనలోనే కాదు, బయట కూడా పేరుంది. అయితే ఆమెకు నోటి దురుసు కొంత ఎక్కువన్న సంగతి దాచిపెట్టడం ధర్మం కాదు. తొందరపెట్టేవాళ్లంటే ఆమెకు గిట్టదు. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద వ్యాపారి ఎల్లుండికల్లా సరుకు కావాలంటే, "ఎల్లుండి ఎండ కాసిద్దని ఎవరితోనన్నా రాయించుకొచ్చారా బాబూ?" అని అడిగి, మజ్జిగ ఇచ్చి పంపించేశారు.

ఆమె దొడ్డి కాలువ వైపు ఉంటుంది. పొద్దున్నే అక్కడికి వెళ్లినవారికి ఒకే చూపులో ఈ పని మొత్తం కనబడుతుంది. ఒక మూల తెల్లటి తానులు కరక్కాయ నీళ్లలో, పాలలో మునిగి లేత పసుపు తేలుతుంటాయి. గోనెపట్టాలు పరిచిన బల్లల మీద, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీళ్లతో నల్లగీతలు పడుతుంటాయి. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు; అద్దినప్పుడు అక్కడ కంటికి ఆనేదేమీ ఉండదు. తరువాత కాలువలో జాడించి, పెద్ద రాగి కాగులో ఎర్రరంగు వేళ్లతో ఉడకబెడితే, అప్పటిదాకా దాక్కున్న ఎరుపు పైకి వస్తుంది. ఆపైన నీలి, ఆపైన ముదురు. ఈ పనిలో గుడ్డ ఎప్పుడూ లేత నుంచి ముదురుకే నడుస్తుంది. పెద్దలు ఈ ఒక్క విషయాన్ని జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరడమైనది. జరిగిన పొరపాటంతా ఇక్కడే ఉంది.

నిరుడు దసరా వెళ్లాక పఠన మందిరం కార్యదర్శి దుర్గాశంకర్ గారు పెడన వచ్చారు. విజ్ఞాన విభాగంలో పిల్లలు కూర్చునే గదికి ఒక పొడవాటి గోడ ఉందనీ, దాని మీద మన జిల్లా పనితనంతో ఆకాశం కనబడాలనీ ఆయన కోరిక.

"నక్షత్రాలూ అవీ వేస్తే చాలండీ" అన్నారు.

"చుక్కల అచ్చు మా దగ్గరుందండీ. అది కొంగుల మీదేస్తాం. మీ గోడంతా అదే వేస్తే పెద్ద చీరయిద్ది, ఆకాశం అవదు" అన్నారు సుబ్బరత్నం గారు.

దుర్గాశంకర్ గారు నవ్వి, మందిరానికి సలహాలిచ్చే ఒక అధ్యాపకురాలి ఫోను నంబరు ఇచ్చి వెళ్లారు. ఆమె పేరు రుచిత. కంకిపాడులో వ్యవసాయ కుటుంబం వారి అమ్మాయి. విజయవాడలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. అంతకు పూర్వం సుదూర గెలాక్సీల మీద పరిశోధన చేశారు. మరునాడు మధ్యాహ్నం కాగు కింద మంట తగ్గించి సుబ్బరత్నం గారు ఆమెకు ఫోను చేశారు.

"అమ్మాయ్, బాగా దూరంలో ఏమున్నాయో చెప్పు. దగ్గరవి అందరికీ తెలుసు."

"బాగా దూరమంటే రెండు రకాలు చెబుతానండీ. ఒకటి క్వాసార్. గెలాక్సీ నడిమధ్యలో ఒక కృష్ణబిలం ఉంటుంది. చుట్టూ ఉన్న వాయువును లాక్కుని మింగుతుంటుంది. మింగుడు పడేముందు ఆ వాయువు ఎంత వేడెక్కుతుందంటే, ఆ ఒక్క చోటి వెలుగు ముందు మిగతా గెలాక్సీ అంతా వెలవెలబోతుంది."

"తినేదానికి లేని మెరుపు తినబడేదానికన్నమాట. రెండోది?"

"దుమ్ము నిండిన గెలాక్సీలండీ. లోపల నక్షత్రాలు పుట్టలు పుట్టలుగా పుడుతుంటాయి. దుమ్ము ఆ వెలుగును మింగేసి వేడిగా మారుస్తుంది. మామూలు టెలిస్కోపుకు చీకటి, వేడిని పట్టే టెలిస్కోపుకు భగభగ. ఈ రెండు రకాలూ వేరువేరు కావేమో, ఒకదానిలోంచి ఒకటి వచ్చాయేమోనని ఒక ఆలోచన ఉంది. దాన్ని వేస్తారా? ఇంతవరకూ ఎవరూ గుడ్డ మీద వేసి ఉండరు."

ఒకదానిలోంచి ఒకటి అన్న మాట సుబ్బరత్నం గారి మనసుకు పట్టింది. ఆమె జీవితమంతా చేసిన పని అదే. రుచిత గారు నాలుగు బొమ్మలు ఫోనుకు పంపారు: దుమ్ములో మునిగిన గెలాక్సీ, దుమ్ములోంచి ఎర్రగా తొంగిచూస్తున్న క్వాసార్, పూర్తిగా వెలిగే క్వాసార్, అన్నీ అయిపోయి లేత పసుపుగా మిగిలిన ముసలి గెలాక్సీ. ఏది దేనిలోంచి వచ్చిందో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు. ఇద్దరికీ అది అడగవలసిన సంగతిగా తోచలేదు.

అచ్చులు చెక్కింది మాణిక్యం గారు. వరసకు సుబ్బరత్నం గారికి బావ. ఆయన చేతిలో ఉలి, నోట్లో మాట ఒకే వేగంతో ఆడతాయి.

"ఏంటే రత్నం, నెమళ్లూ హంసలూ అయిపోయి, కడాకరికి దుమ్ము చెక్కమంటున్నావా నన్ను?"

"నీ షాపులో ఊడిస్తే వచ్చేదే బావా, కొత్తదేం కాదు. చూసుకుంటా చెక్కు."

సుబ్బరత్నం గారు ఒకే తాను మీద నాలుగు ఘట్టాలూ అద్దారు. అడుగు అంచున కాలువనూ, వరిచేలనూ, గట్టు మీద నిలబడి తలెత్తి చూసే మనుషులనూ ఒకే వరుసగా, ఎక్కడా తెగకుండా నడిపించారు. ఆకాశపు బొమ్మలను మాత్రం ఆమె చెయ్యి తనకు తెలిసిన దారిలో పేర్చింది. లేత పసుపు గెలాక్సీ ముందు, తరువాత వెలిగే క్వాసార్, తరువాత ఎర్రటిది, చిట్టచివర ముదురు దుమ్ము. పటిక అద్దిన గుడ్డ కాగులోంచి బయటికి వచ్చిన పూట దొడ్డిలో పనివాళ్లందరూ చేతుల్లోని పని ఆపి చూశారు. అంతటి ఎరుపు తన చేతిలో అంతవరకూ దిగలేదని ఆమే ఒప్పుకున్నారు. మాణిక్యం గారు తాడు కట్టి దానిని ఇంటి ముందు గది గోడకు తగిలించారు.

రుచిత గారు బస్సు దిగి నేరుగా ఆ గదిలోకే వచ్చారు. నాలుగు బొమ్మలనూ ఒక్కొక్కటిగా చూసి, మళ్లీ మొదటిదాని దగ్గరకు వచ్చారు. సుబ్బరత్నం గారు కాఫీ గ్లాసు చేతికిచ్చి, "బాగుందని చెప్పడానికి అంత ఆలోచనెందుకమ్మా?" అన్నారు.

"చాలా బాగుందండీ. అందుకే చెప్పలేకపోతున్నాను. పిన్నిగారూ, ఇది మొత్తం తిరగబడిందండీ. దుమ్ముది మొదట రావాలి. లేత పసుపుది చివర."

"దుమ్ము మొదటా? ముదురులోంచి లేత ఎక్కడన్నా వచ్చిద్దా?"

"ఇక్కడ వస్తుందనే అనుకుంటున్నామండీ."

 సుబ్బరత్నం గారు స్టూలు లాక్కుని కూర్చుని, "ఊఁ, చెప్పు" అన్నారు అంతే.

రుచిత గారు చెప్పారు. వాయువు నిండిన రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోతే, ఆ వాయువంతా నడిమధ్యకు జారుతుంది. నక్షత్రాలు విపరీతంగా పుడతాయి, దుమ్ము కమ్ముకుంటుంది. ఆ దుమ్ము చాటునే కృష్ణబిలం తిని తిని బలుస్తుంది. చివరకు దాని చుట్టూ పుట్టిన గాలి ఆ దుమ్మును చెదరగొట్టేస్తుంది. అప్పుడు లోపలి వెలుగు ఎర్రగా తొంగిచూసి, క్రమంగా పూర్తిగా బయటపడి క్వాసార్ అవుతుంది. తినడానికి ఏమీ మిగలక, ఆ వెలుగూ ఆరిపోయి, కొత్త నక్షత్రాలు పుట్టని ముసలి గెలాక్సీ మిగులుతుంది.

పక్కనే ఉన్న మాణిక్యం గారు, "దానికేముందమ్మా, తిప్పి కట్టేస్తే పోలా? ఎడంవైపుది కుడివైపుకొచ్చిద్ది" అన్నారు.

"తిప్పితే గట్టు మీద మనుషులు తలకిందులుగా నిలబడతారు బావా. నువ్వే చెక్కావుగా వాళ్లని."

"నిజమేనే. అందులో ఒకడికి నా మొహమే పెట్టా."

నవ్వు ఆగాక సుబ్బరత్నం గారు ఒక ప్రశ్న అడిగారు. "అమ్మాయ్, ఒక్కదాన్నే మొదట్నించీ చివరిదాకా చూసినోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ. అవి మారడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. మనకు దొరికేది ఒకే ఒక్క చూపు. ఆ చూపులో కొన్ని దుమ్ములో ఉన్నవీ, కొన్ని వెలుగుతున్నవీ, కొన్ని ఆరిపోయినవీ కలిసి కనబడతాయి. వాటిని పక్కపక్కన పెట్టి వరస ఊహించుకోవాలి."

"మా దొడ్లోకి ఒక్క పూట వచ్చి పోయినోడిలాగా."

రుచిత గారు అప్పుడు తలుపు దగ్గరకు వెళ్లి దొడ్డి కేసి చూశారు. నానుతున్నవీ, అద్దుతున్నవీ, జాడిస్తున్నవీ, ఉడుకుతున్నవీ, ఆరుతున్నవీ అన్నీ ఒకేసారి ఆమె ఎదుట ఉన్నాయి. "క్లాసులో నేను దీన్ని ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదండీ" అన్నారు. పొరపాటు తనదేననీ, వరస ముందే చెప్పి ఉండవలసిందనీ కూడా అన్నారు.

"నువ్వు చెప్పలా, నేనడగలా. చెరిసగం. మరి ఆ వరస ఖాయమేనా?"

ఈ ప్రశ్నకు రుచిత గారు ఇచ్చిన జవాబే సుబ్బరత్నం గారి పట్టుదలకు మూలం కాబట్టి ఇక్కడ వివరంగా రాయడమైనది. ఖాయం కాదని ఆమె నిజాయితీగా చెప్పారు. దుమ్ము గెలాక్సీలూ క్వాసార్లూ విశ్వచరిత్రలో ఇంచుమించు ఒకే కాలంలో విరివిగా కనబడతాయి. వాటి చుట్టుపక్కల పోగుపడ్డ పదార్థం బరువు కూడా రెంటికీ దగ్గరదగ్గరగా ఉంటుంది. నడుమ ఎర్రటివీ దొరికాయి. వాటిలో కొన్నిటి నుంచి గాలులు వేగంగా బయటకు వీస్తున్న జాడలూ ఉన్నాయి. ఇవన్నీ చుట్టరికానికి అనుకూలమైన సాక్ష్యాలు. కానీ దుమ్ములో ఉన్న ప్రతిదీ క్వాసార్ అయి తీరాలనీ లేదు, ప్రతి క్వాసార్‌కూ ముందు ఢీకొనడం జరిగిందనీ లేదు.

"ఇంకో చిక్కుందండీ. ఆ ఎర్రటివి నడిమి దశ కాకపోవచ్చనే వాళ్లూ ఉన్నారు. కృష్ణబిలం చుట్టూ దుమ్ము చుట్టకుదురులా ఉంటుంది. పైనుంచి చూస్తే వెలుగు నేరుగా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే దుమ్ము అడ్డం వచ్చి ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు అది వేరే వయసు కాదు, మనం చూసే వైపు వేరు. అంతే."

సుబ్బరత్నం గారు లేచి, తాడు మీద వేలాడుతున్న ఆ తాను కొస పట్టుకుని తిప్పారు. వెనకవైపు బొమ్మ సగం అద్ది వదిలేసినట్టు వెలిసి ఉంది.

"ఇట్లాగా?"

"అచ్చం ఇట్లాగేనండీ."

"ఇది చూసి కొత్తోడెవడన్నా, ఈ గుడ్డింకా సగం పనిలో ఉందనుకుంటాడు. పనైపోయిన గుడ్డే. వాడు వెనకనుంచి చూశాడు."

ఆ రోజు బస్సు ఎక్కేముందు రుచిత గారు, ఇంత కష్టపడ్డాక మళ్లీ చేయడం అన్యాయమనీ, ఈ గుడ్డ కింద ఒక వివరణ పలక పెట్టిద్దామనీ అన్నారు. సుబ్బరత్నం గారు ఒప్పుకోలేదు. మరునాడే కొత్త తాను కరక్కాయ నీళ్లలో పడింది.

ఈసారి ఆమె నాలుగు ఘట్టాలనూ నాలుగు గుడ్డల మీద విడివిడిగా అద్దారు. ప్రతి గుడ్డకూ దాని అంచు దానికే ఉంది. గట్టు మీద మనుషులు ఏ గుడ్డవారు ఆ గుడ్డలోనే నిలబడ్డారు. దుమ్ముది మొదట, ఎర్రటిది రెండోది, వెలిగేది మూడోది, లేత పసుపుది చివరిది. ఆ నాలుగింటినీ ఎర్రటి ముతక నూలుతో టాకాలు వేసి కలిపారు. జాకెట్టు సరిపోతుందో లేదో చూడడానికి దర్జీలు ముందుగా వదులుగా వేసే కుట్టే టాకా. ఒక కొస లాగితే చాలు, మొత్తం ఊడి వస్తుంది. ఆ కుట్టును ఆమె దాచలేదు. దూరానికి కూడా కనబడేలా వేశారు.

గుడ్డ తీసుకువెళ్లడానికి దుర్గాశంకర్ గారు స్వయంగా వచ్చారు. ఆయన కార్యదక్షులు. పదేళ్లుగా ఆగిపోయిన భవనాన్ని పూర్తి చేయించినవారు. వస్తువు ఏదైనా సక్రమంగా నమోదు కావాలనీ, పదికాలాలపాటు నిలవాలనీ ఆయన పట్టింపు. అది న్యాయమైన పట్టింపే.

"ఇదేంటండీ, టైలరు ట్రయలుకిచ్చిన జాకెట్టులా ఉంది?"

"అంతేనండి. కొలతలింకా చూస్తున్నారుగా వాళ్లు."

"ఎవరు?"

"టెలిస్కోపులోళ్లు."

"సుబ్బరత్నం గారూ, నేను దీన్ని రిజిస్టర్లో ఒక వస్తువని రాయాలా, నాలుగని రాయాలా? ఆడిటుకు వచ్చినవాళ్లు కుట్టు పూర్తవ్వలేదు, అసంపూర్తి పని ఎందుకు తీసుకున్నారంటే ఏం చెప్పను? మిషను కుట్టు వేయించండి. అద్దాల ఫ్రేములో పెట్టి సీలు చేయిస్తాను. ఇక ముట్టుకునే పనుండదు."

"అదేనండీ నా భయం."

ఆయన చూపు అప్పుడు గోడ మీద ఉన్న మొదటి గుడ్డ మీద పడింది. దగ్గరకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. "అబ్బ! ఇది ఒకే తాను కదండీ! ఇదిచ్చేయండి. ఈ పూటే తీసుకెళ్తా."

"అది తప్పండి."

"ఏం తప్పు? రంగు కారుతుందా?"

"రంగుకేం? నా జన్మలో అంత ఎరుపు దిగలా. వరస తిరగబడింది."

"గోడ మీద వరస ఎవరు చూస్తారండీ!"

"పిల్లలు చూస్తారండీ. పుస్తకం చదివినట్టు ఎడమనించి కుడికే చూస్తారు. ఒకసారి బుర్రకెక్కిన వరస మార్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మార్చుకున్నాగా."

దుర్గాశంకర్ గారు మర్యాదగానే చెప్పారు. ప్రారంభోత్సవం దగ్గరపడింది. మిషను కుట్టు వేసిన కొత్త గుడ్డ గానీ, ఇక్కడున్న మొదటి గుడ్డ గానీ అందకపోతే, మందిరం గోడకు ఫ్లెక్సీ వేయించక తప్పదు. ఆయన వెళ్లాక మాణిక్యం గారు మరదలి పక్కన చతికిలబడ్డారు.

"కుట్టెయ్యవే రత్నం. ఆకాశంలో ఏది ముందు పుడితే నీకేంటి, నాకేంటి? పురుళ్లు పోసేది మనం కాదుగా. ఫ్లెక్సీ వేస్తారంట! నా అచ్చులన్నీ అటకెక్కాల్సిందేనా?"

సుబ్బరత్నం గారు కాదనలేదు. ఆ గోడ మీద తన గుడ్డ ఉండాలని ఆమెకు ఎంత ఆశ ఉందో బావకు తెలుసు. ఎన్నో గుడ్డలు ఆమె చేతిలోంచి ఊళ్లు దాటి వెళ్లాయి. ఎక్కడున్నాయో, ఎవరు కట్టుకుని చించేశారో ఆమెకు తెలియదు. ఫలానా చోట ఉందని వేలెత్తి చూపగలిగే మొదటి గుడ్డ ఇది. ఆమె మిషను మీద గుడ్డ పరిచి, దుమ్ముదానికీ ఎర్రదానికీ నడుమ టాకా పీకి, గట్టి కుట్టు వేసేశారు. రెండో అతుకు దగ్గర, ఎర్రదానికీ వెలిగేదానికీ మధ్య, సూది దించి ఆగిపోయారు. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంది. చివరకు కుట్టుడు పెట్టెలోంచి బ్లేడు తీసుకుని, అప్పుడే వేసిన మొదటి కుట్టును కూడా ఒక్కొక్క పోగే కోసేశారు.

"ఇదేం చోద్యమే?"

"రేపొద్దున ఆ అమ్మాయి వచ్చి, పిన్నిగారూ, ఎర్రది నడిమిది కాదంట, వెలిగేదాన్నే పక్కనించి చూశామంట అంటే నేనేం చెయ్యాలి బావా? అప్పుడు కత్తెర పెట్టాలి. మొదటి గుడ్డకే పెట్టలేకపోయా. అందుకేగా అదట్లా గోడకేలాడతంది, అబద్ధం చెప్తా, అందంగా."

మాణిక్యం గారు ముతక నూలు ఉండ తెచ్చి ఆమె పక్కన పెట్టారు. మొదటి అతుకు వెంబడి ఆ సూది బెజ్జాలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దలు గుడ్డను పరిశీలించేటప్పుడు గమనించవచ్చు.

ఆ వారమే ఆమె గుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని విజయవాడ బస్సు ఎక్కారు. ముందే మాట్లాడుకున్నట్టు రుచిత గారు కంకిపాడులో అదే బస్సు ఎక్కి పక్కన కూర్చున్నారు. ఇప్పటికి తెలిసినంతలో ఈ వరస సమంజసమేనని తాను సంతకం చేసి ఇస్తాననీ, దానితో కార్యదర్శి గారు మెత్తబడవచ్చనీ అన్నారు.

"సమంజసమేనని నువ్వు రాసిస్తే, అట్లయితే కుట్టెయ్యమంటాడమ్మా ఆయన. నువ్వు తెలీదని రాసియ్యి."

"తెలీదని సంతకం పెడితే నా ఉద్యోగం ఏమవుతుందండీ!" అని రుచిత గారు బెంజ్ సర్కిల్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారట.

దుర్గాశంకర్ గారు తన గదిలో బల్ల మీది కాగితాలన్నీ పక్కకు జరిపించి గుడ్డ పరిపించారు. బల్లకు చాలక రెండు కొసలూ కిందికి జారాయి. ఆయన కోపగించుకోలేదు. తన ఇబ్బందులు ఒకటొకటిగా చెప్పారు. పిల్లలు దారాలు లాగుతారు. పురుగు పడుతుంది. అన్నిటికీ మించి, అద్దం లేకపోతే రోడ్డు మీది దుమ్మంతా గుడ్డ మీదే చేరుతుంది.

"దులుపుతానండీ" అన్నారు సుబ్బరత్నం గారు. "ఏడాదికోసారి నేనే బస్సెక్కి వస్తా. పన్లోపని, ఈ సంవత్సరం ఏమన్నా తేలిందేమో ఈ అమ్మాయినడుగుతా. తేలితే ఆ టాకా విప్పి, గుడ్డ జరిపి, మళ్లీ వేస్తా. తేలకపోతే దులిపి పోతా."

"బాగానే ఉంది. మీరు రాలేని రోజు వస్తేనో?"

 సుబ్బరత్నం గారు ఆ మాటకు నొచ్చుకోలేదు. గుడ్డ అంచు సవరించి, మామూలు గొంతుతోనే జవాబిచ్చారు.

"టాకా విప్పడం ఎవరికైనా వచ్చిద్దండీ. అందుకేగా టాకా వేసింది."

దుర్గాశంకర్ గారు కళ్లజోడు సవరించుకుని, ఆ ముతక కుట్టు మీద బొటనవేలు ఆనించి చివరిదాకా జరిపారు. మిషను కుట్టు వేసి విప్పిన బెజ్జాల దగ్గర వేలు ఆగింది. ఇదేమిటని అడిగారు. ఆమె చెప్పారు. ఆయన వేలు తీయకుండానే, "ఈ నూలుకు పురుగు పడుతుందా?" అని మాత్రం అడిగారు. వేపాకు వేసి ఉడకబెట్టిన నూలని ఆమె చెప్పారు. అప్పుడాయన, నోటిమాట మీద సంఘం ముందు పెట్టలేననీ, జరిగింది జరిగినట్టు రాయించి ఇస్తే నిర్ణయం జరిగేవరకు ఫ్లెక్సీ పని ఆపించి, గుడ్డను తన గదిలోనే ఉంచుతాననీ అన్నారు. ఈ నివేదిక అందుకు అనుగుణంగా తయారైనది.

కావున నిర్వాహక సంఘం వారు దయతో పరిశీలించవలసినది ఏమనగా: శ్రీమతి సుబ్బరత్నం గారు ఎంతో ఇష్టంగా చేసిన మొదటి గుడ్డను, అది తప్పని తెలిసిన మరుక్షణం పక్కనపెట్టి, మళ్లీ మొదటి నుంచి పని చేసిన మనిషి. ఆమె వేసిన వదులు కుట్టు అశ్రద్ధ వల్ల కలిగినది కాదు. తెలిసినంత మేరకే చెప్పి, తెలియనిదానికి చోటు వదలడం కోసం ఆలోచించి వేసినది. అందుచేత సదరు గుడ్డను టాకాలతో సహా, ఇప్పుడున్న స్థితిలోనే సంపూర్ణమైన పనిగా అంగీకరించి, విజ్ఞాన విభాగపు గోడకు వేలాడదీయించవలసిందిగా, అద్దం తప్పనిసరి అయితే తలుపు తెరుచుకునే చట్రమే అమర్చి, సీలు వేయించకుండా ఉండవలసిందిగా, సంవత్సరానికి ఒకసారి సూది దారంతో లోనికి వచ్చేందుకు ఆమెకూ, ఆమె తరువాత ఆ పని తెలిసినవారికీ అనుమతి ఇప్పించవలసిందిగా, గుడ్డ కింద పెట్టే పలక మీద "ఇలా జరిగి ఉండవచ్చు" అన్న మాట తప్పక ఉండేలా చూడవలసిందిగా ప్రార్థించడమైనది. మొదటి గుడ్డను మాత్రం మరల అడగవద్దని ఆమె మనవి.

రిజిస్టరులో దీనిని ఒక వస్తువుగా నమోదు చేయాలా, నాలుగుగానా అన్న విషయం సంఘం వారి విచక్షణకే వదలడమైనది. ఆమెను అడిగితే, ప్రస్తుతానికి ఒకటని రాసి, పక్కన కొంత ఖాళీ ఉంచమన్నారు.

చ. వెంకటకృష్ణారావు
విశ్రాంత కార్యాలయ పర్యవేక్షకులు, పెడన